పైడిరాజు గారి ఫంక్షన్‌లో నేను కొట్టేసిన గుర్తు

బిలాస్‌పూర్,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దక్కా,

ముందుగా నీ కాళ్ళకు ఇక్కణ్ణించే ఒక దండం. ఎదురుగా ఉంటే పెట్టనివ్వవు కనుక కాగితం మీద పెడుతున్నాను, కాదనకు. నేను బాగున్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ, మీ అత్తయ్యగారూ అందరూ ఆరోగ్యంగా ఉన్నారనుకుంటున్నాను. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందో లేదో నువ్వు పోయిన ఉత్తరంలో రాయలేదు, ఈసారి మర్చిపోకుండా రాయి. చిన్నదానికి దగ్గు పూర్తిగా పోయిందా?

నా గురించి దిగులు పెట్టుకోకు. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. ఇక్కడ చలి మాత్రం మన తణుకులో ఉండే చలి కాదక్కా. పొద్దున్నే సైకిలు హ్యాండిల్ పట్టుకుంటే వేళ్ళు నావి కావేమో అనిపిస్తుంది. సదర్ బజార్‌లో దూది కుట్టిన బొంత ఒకటి కొన్నాను, వీళ్ళు రజాయి అంటారు. నువ్విచ్చిన దుప్పటి కింద, రజాయి పైన వేసుకుంటున్నాను, చలి దగ్గరికి రావడం లేదు. మోప్కాలో గది బాగానే ఉంది. చుట్టూ పొలాలు, మధ్యలో అక్కడక్కడా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. ఇంటివాళ్ళు ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు, సగం అర్థమవుతుంది, సగానికి తల ఊపుతాను. వాళ్ళకి నేను చాలా నెమ్మదస్తుణ్ణని పేరు పడింది. నవ్వకు.

తిండికి ఇబ్బంది లేదు, వరి పండే ఊరే కనుక అన్నం దొరుకుతుంది. పప్పే నీళ్ళలా ఉంటుంది, పులుపన్నది వీళ్ళకి తెలియదు. మెస్సులో కూర్చుని తింటుంటే నీ చేతి పులుసు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయని రాస్తే నువ్వు బెంగపడతావు, అందుకని రాయను. వీలైతే ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళతో కాస్త చింతపండు, ఇంత కందిపొడి పంపు. వీలు కాకపోతే వద్దు. నేను బాగానే ఉన్నాను.

అసలు ఏం పని చేస్తున్నాడని బావగారు అడిగారన్నావు. వివరంగా రాస్తాను, ఎందుకంటే తర్వాత నీతో చెప్పుకోవలసిన సంగతి ఆ పనిలోనే ఉంది.

మాది చిన్న సంస్థ. యజమాని దూబే గారు, మేము అయిదుగురం, మూడు కంప్యూటర్లు. రైళ్ళు నడిపే డ్రైవర్లకీ గార్డులకీ ఎవరు ఎంతసేపు డ్యూటీ చేశారు, ఎవరికి విశ్రాంతి అయింది, తర్వాత బండికి ఎవర్ని పిలవాలి, ఇదంతా జాబితాగా తీసే ప్రోగ్రాం మాది. అంత పెద్ద ప్రోగ్రాం లోపల చిన్న చిన్న పనులు చేసిపెట్టే ముక్కలు బోలెడుంటాయి. పేరు చివర మిగిలిపోయిన ఖాళీలు కత్తిరించేది ఒకటి, తేదీ సరైనదా కాదా అని చూసేది ఒకటి, రెండు టైముల మధ్య ఎంతసేపో చెప్పేది ఒకటి. వీటిని ఫంక్షన్లంటాం. మేము రాసే భాష పాస్కల్. దానికి పట్టింపు ఎక్కువ. నీ వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటించినట్టు, ఏ డబ్బాలో ఏం పోస్తామో ముందే రాయాలి. ఆ చీటీని టైపు అంటాం. పంచదార అని రాసి ఉన్నదాంట్లో ఉప్పు పోయబోతే ఒప్పుకోదు. ఇందులో సున్నా నుంచి ఇంతవరకే పడుతుందని కొలత కూడా రాయొచ్చు.

ఒకరు రాసిన ఫంక్షన్‌ని ఇంకొకరు చదివి, దిద్ది, బాగుచెయ్యాలి. ఆ చదివి దిద్దేవాణ్ణి నేను. ప్రతి ఫంక్షన్ నెత్తిమీద రాసినవారి పేరు, దాని కింద చూసినవారి పేరు ఉంటాయి. వెడల్పాటి కాగితాల మీద అచ్చు తీసి ఇస్తారు, నేను ఎర్ర పెన్సిలుతో దిద్దుతాను. రాసినాయన ఆ దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం పెడితేనే మార్పు మిషన్లోకి వెళ్తుంది. ఇది దూబే గారు పెట్టిన పద్ధతి. పద్ధతి మంచిదే. మనుషులతోనే వచ్చింది తంటా.

ఇప్పుడు పైడిరాజు గారి గురించి చెప్పాలి. ఈ నాలుగు నెలలుగా ఆయన పేరు నీకు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. నా బుద్ధి నీకు తెలుసు కనుక ఎందుకు రాయలేదో నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. వక్తృత్వపు పోటీలో నీకు మొదటి బహుమతి వచ్చిన రోజు నీ సిరాబుడ్డిలో నీళ్ళు కలిపినవాణ్ణి కదా. నువ్వు నన్ను కొట్టలేదు, ‘కుళ్ళుమోతు వెధవా’ అని మాత్రం అన్నావు. ఆ మాట ఇక్కడ నాకు రోజుకొకసారైనా గుర్తొస్తోంది.

ఆయనకి యాభై దాటాయి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. గూడ్సు బండి గార్డుగా ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. కంటి పరీక్షలో తప్పి బండి దిగవలసి వచ్చాక, బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం ఇష్టం లేక మానేసి, దూబే గారి దగ్గర చేరాడు. పదో తరగతి దాటలేదక్కా. ఇంగ్లీషు పుస్తకం భూతద్దం పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పాస్కల్ నేర్చుకున్నాడట. నేను డిగ్రీ చదివి, విశాఖపట్నంలో ఏడాదిన్నర డిప్లొమా చేసి, మొదటి తరగతి తెచ్చుకుని వచ్చాను. వచ్చిన మొదటి వారంలోనే ఆయన రాసిన ఫంక్షన్లు నా బల్ల మీదకి వచ్చాయి.

ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. చదివాను. మళ్ళీ చదివాను. దిద్దడానికి ఏమీ లేదు. ఒక్కో ఫంక్షనూ ఆరేడు వరుసలు, ఒక్కటే పని, ఆ పని ఏమిటో పేరు చూస్తేనే తెలిసిపోతుంది. నేను రాసినవి ముప్ఫై వరుసలు, మూడు పనులు, అందులో ఒకటి సరిగ్గా చెయ్యదు. ఆ కాగితాలు ఒక్క గీతా పెట్టకుండా తిరిగిచ్చేశాను.

ఆ తర్వాత అన్నీ అలాగే. కొత్తగా ఎవరు చేరినా దూబే గారు, ముందు దాదా రాసినవి చదువు, అంటారు. పెద్దవాడని గౌరవంగా ఆయన్ని అందరూ దాదా అంటారు. నన్ను మిస్టర్ రావ్ అంటారు. టీ కుర్రాడు కూడా ముందు గ్లాసు ఆయన బల్ల మీదే పెడతాడు. నాకు ఒంట్లో బాగులేనప్పుడు ఆయన భార్య రైల్వే కాలనీ నుంచి మోప్కా దాకా చారు పంపింది. ఆ చారు తాగుతూ కూడా, ఈయన భార్యకి కూడా ఇంత మంచితనం ఎందుకని ఏడిచాను. నిజంగా ఏడవలేదులే, కంగారు పడకు. జ్వరం అప్పుడే పోయింది.

ఆయనకంటే నేను పైచెయ్యిగా ఉన్నది ఒక్క విషయంలో. ఆయనకి తెలుగు చదవడం రాదు. ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివాడు. ఊరి నుంచి పినతండ్రి కొడుకు ఉత్తరం రాస్తే నా దగ్గరికి తెచ్చి చదివించుకుంటాడు. నేను ఉన్నదానికంటే నెమ్మదిగా, గొంతు సవరించుకుని, పురాణం చదివినట్టు చదువుతాను. నాకూ అక్షరాలు నేర్పు బాబూ అని రెండుసార్లు అడిగాడు. తీరిక లేదన్నాను. ఎంత తీరిక ఉందో నీకు తెలుసు.

ఇక అసలు సంగతి. రెండు నెలల కిందట ఆయన డ్యూటీ గంటలు లెక్కకట్టే ఫంక్షన్ రాశాడు. బండి ఎక్కిన టైము, దిగిన టైము ఇస్తే ఎంతసేపు పనిచేశాడో చెప్పాలి. రిజిస్టర్లో టైములే ఉంటాయి, తేదీ ఉండదు. రాత్రి పదికి ఎక్కి పొద్దున్న ఆరుకి దిగితే, ఆరులోంచి పది తీసెయ్యలేం కదా, మర్నాడని గ్రహించి ఒక రోజు కలపాలి. అందుకని ఆయన ఒక షరతు రాశాడు: దిగిన టైము ఎక్కిన టైముకంటే తక్కువైనా, లేక దానితో సమానమైనా, ఒక రోజు కలుపు అని. టైపులు కూడా రెండు పెట్టాడు. గడియారానికి ఒక డబ్బా, అందులో సున్నా నుంచి పద్నాలుగు వందల ముప్ఫై తొమ్మిదో నిమిషం వరకే పడుతుంది. డ్యూటీకి వేరే డబ్బా, అందులో ఇంకొక్క నిమిషం ఎక్కువ, పద్నాలుగు వందల నలభై. అంటే పూర్తిగా ఒక రోజు.

నాకు దొరికాడనిపించింది. ఎనిమిదింటికి ఎక్కి ఎనిమిదింటికి దిగాడంటే ఏమిటి అర్థం? అసలు ఎక్కలేదని. సున్నా గంటలు. దానికి ఒక రోజు ఎలా కలుపుతాడు? ఒక్క నిమిషం తేడాకి రెండు డబ్బాలు ఎందుకు? ఆ షరతులో ‘సమానం’ గుర్తు మీద ఎర్రగా అడ్డగీత కొట్టాను. రెండు టైపులూ కలిపి ఒక్కటి చేశాను. నేను చేరాక ఆయన కాగితం మీద పెట్టిన మొదటి ఎర్రగీత అది. సంతోషం పట్టలేక దాని మీదే మళ్ళీ ఒకసారి గీశాను.

ఆయన కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఏటి బాబూ, ఈ ఈక్వల్ ఎందుకు కొట్టేసినావు?” అన్నాడు.

నేను పది నిమిషాలు పాఠం చెప్పాను. తర్కమన్నాను, డిప్లొమాలో నేర్పిన మాటలన్నీ వాడాను, టైపులు అవసరాన్ని మించి పెంచకూడదన్నాను. పక్క బల్లల వాళ్ళు వినేట్టుగానే చెప్పాను. ఆయన ఏదో అనబోయాడు. చూసినవాడి మాటే చివరి మాట అన్నాను. అటువంటి నియమం ఏమీ లేదు, అప్పటికప్పుడు నేనే పెట్టాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, “అచ్ఛా” అని, గీత పక్కన పొట్టి సంతకం పెట్టాడు.

వారం చివర దూబే గారికి ఇచ్చే కాగితంలో, అక్కర్లేని టైపులు తీసేసి ఫంక్షన్లు చిన్నవి చేశానని రాశాను. ఏ ఫంక్షనో రాయలేదు. దూబే గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం సదర్ బజార్‌లో జిలేబీ కొనుక్కుని ఒక్కణ్ణే తిన్నాను. అప్పుడే నీకు ఉత్తరం రాశాను, గుర్తుందా, ఉద్యోగంలో మంచి పేరు వచ్చిందని. ఆ పేరు ఇదే.

తర్వాత రైల్వేవాళ్ళు మా జాబితానీ, చేతితో రాసే రిజిస్టర్నీ పక్కపక్కన పెట్టి పన్నెండు రోజులు పోల్చి చూశారు. తేడా రాలేదు. సరే బాగుందని, పోయిన మంగళవారం నుంచి మా జాబితా చూసే మనుషుల్ని పిలవడం మొదలుపెట్టారు. ఇక్కడ పద్ధతి ఏమిటంటే, తర్వాత బండికి ఎవరి వంతో చూసి, ఒక మనిషి పిలుపు పుస్తకం పట్టుకుని ఆ డ్రైవరు క్వార్టరుకి వెళ్ళి సంతకం పెట్టించుకుంటాడు. సంతకం పెట్టాడంటే రావలసిందే.

గురువారం పదిన్నరకి మా ఆఫీసులోకి ఒక ఆవిడ వచ్చింది. చెప్పులు కూడా లేవు కాళ్ళకి. చేతిలో ఆ పిలుపు పుస్తకం ఉంది, పిలవడానికి వచ్చిన మనిషి చేతిలోంచి లాక్కుని వచ్చేసిందట. ఆయన పాపం గుమ్మం దగ్గర నిలబడి పుస్తకం ఇచ్చెయ్యమని బతిమాలుతున్నాడు. ఆవిడ సింహాచలం గారని గూడ్సు డ్రైవరు భార్య, పైడిరాజు గారి వీధిలోనే ఉంటుంది. తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది.

“ఏటన్నయ్యా, నిన్న పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కిన మనిషి ఇయ్యాల ఎనిమిదింటికి దిగినాడు. కన్ను మూసి రెండు గంటలు కానేదు. మీ మిషను ఆయనకి రెస్టు అయిపోయినాదంటాదా?”

నేను అప్పటికే జాబితా తీసి చూస్తున్నాను అక్కా. సింహాచలం గారి పేరు అందరికంటే పైన ఉంది. డ్యూటీ, సున్నా గంటలు. అసలు పనే చెయ్యలేదు కనుక ముందు ఆయన్నే పిలవాలని మా మిషను చెప్పింది. ముందు లైను ఖాళీ లేక ఆయన బొగ్గు బండి ఎక్కడో గంటల తరబడి ఆగిపోయిందట. దిగాక రిజిస్టర్లో గుమస్తా నిమిషాలు సాపు చేసి ఎనిమిది నుంచి ఎనిమిది అని రాశాడు. రోజు చుట్టూ తిరిగి వచ్చే డ్యూటీ ఒకటుంటుందని నాకు తెలియదు. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి, నాకెలా తెలుస్తుంది? ఇరవై ఏళ్ళు గార్డు పెట్టెలో కూర్చున్నాయనకి తెలుసు. అందుకే ఆ గుర్తు పెట్టాడు, అందుకే ఆ ఒక్క నిమిషానికి వేరే డబ్బా పెట్టాడు.

పిలుపు రాగానే సింహాచలం గారు నిద్రమత్తులోనే సంతకం పెట్టేశాడట. లేచి బూట్లు కూడా వేసుకుంటున్నాడట. మళ్ళీ బొగ్గు బండే. భార్య పుస్తకం లాక్కోకపోతే ఆయన ఇంజను ఎక్కేవాడు. ఆ తర్వాతది నేను ఆలోచించలేకపోతున్నాను.

దూబే గారు పరుగున వచ్చి ఫోను చేయించి, వేరే డ్రైవర్ని పంపించే ఏర్పాటు చేయించారు. ఆవిడ వెళ్ళిపోయాక ఫంక్షన్ తెరిచి చూశారు. నెత్తిమీద రాసినవారు పైడిరాజు, చూసినవారు రమణారావు అని ఉంది.

“నాదే సార్. తప్పు నాదే,” అన్నాడు పైడిరాజు గారు.

దూబే గారు నావైపు తిరిగి, నువ్వు చూశావు కదా అని అడిగారు.

అక్కా, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. చూశాను సార్, నా కంట పడలేదు, అన్నాను.

పైడిరాజు గారు నావైపు చూడను కూడా లేదు. ఎర్రగీత ఉన్న కాగితం ఎక్కడని ఎవరూ అడగలేదు. అది అప్పటికే నా సంచిలో ఉంది. ఆవిడ మాట్లాడుతుండగానే ఫైలులోంచి తీసేశాను. సోమవారం నుంచి దాదా ఫంక్షన్లు రాయక్కర్లేదని, పేర్లూ నంబర్లూ ఎక్కించే పని చూసుకుంటే చాలని దూబే గారు చెప్పారు. ఆయన రాసినవన్నీ ఇకమీదట నా పేరు మీదకి వస్తాయి. నాలుగు నెలలుగా నేను కోరుకున్నది అచ్చంగా ఇదే. నా బల్ల కిటికీ పక్కకి మారుస్తారట కూడా.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఇవాళ పొద్దున్న సైకిలు తీసుకుని రైల్వే కాలనీకి వెళ్ళాను. ఆయన వాకిట్లో ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన భార్య ఉప్మా తెచ్చి పెట్టింది, తినకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సంచిలోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. కుళ్ళుకొద్దీ కొట్టేశానండీ, మీ మీద ఒక్క తప్పయినా పట్టాలని వెతికి వెతికి కొట్టేశాను, మొన్న దూబే గారి ముందు అబద్ధం కూడా చెప్పాను, అన్నాను. అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆయన కాగితం మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నాకు తెల్దా బాబూ,” అన్నాడు. “నువ్వు ఆ గుర్తు కొట్టేసిన్రోజే నాకు తెలుసు, ఏ దినమో ఇలాగవుతాదని. నేను నాలుగుసార్లు సేసినాను ఆ డ్యూటీ, రోజుకి రోజు. నోటి దాకా వచ్చినాది సెప్దామని. సెప్పలేదు. నీ సదువు మీద నాకు కడుపుమంట. ఇరవయ్యేళ్ళు బండి నడిపినోడి మీద ఎవడో నిన్న వచ్చినోడు, చూసినవారు అని పేరేసుకుంటాడేటి అనుకున్నాను. తప్పని తేలనీ, అందరి ముందూ నీ పరువు పోనీ అని సంతకం పెట్టినాను. ఆ తేలడం సింహాచలం పీకల మీదకొస్తాదని అనుకోలేదు.”

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆ మొహం మీద నాలుగు నెలలుగా నాకు కనిపించిన మంచితనమంతా పోయి, నాలాంటి మనిషే ఒకడు కూర్చుని ఉన్నాడు. ఒక్క క్షణం నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. ఆ వెంటనే సిగ్గేసింది. నాకు తెలియక కొట్టేశాను, ఆయన తెలిసి ఊరుకున్నాడు. ఏది పెద్ద తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నువ్వు తేల్చి రాయి.

దూబే గారికి చెబుతానన్నాను. ఎందుకు బాబూ, నీకు ముందు బోలెడు బతుకుంది, నా కళ్ళు ఎలాగూ పోతున్నాయి, ఆ పని పోతే నాకేమీ కాదు, ఊరుకో, అన్నాడు. కాగితం తిరిగి నాకే ఇచ్చేశాడు.

బయటికొచ్చి గంటసేపు టీకొట్టు దగ్గర నిలబడ్డాను. ఊరుకుంటే ఏమవుతుందని ఆలోచించాను. ఏమీ కాదు. కిటికీ పక్కన బల్ల వస్తుంది. వచ్చే నెలలో ఉద్యోగం ఖాయం చేస్తారు. బావగారికి గొప్పగా రాయొచ్చు. మూడో టీ కూడా తాగాక, ఇంక లాభం లేదని, సదర్ బజార్ వెనక దూబే గారింటికి వెళ్ళాను.

ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమన్నారు. దాదా ఇప్పుడే రిక్షాలో వచ్చి వెళ్ళాడయ్యా, అన్నారు. ఆ గుర్తు తీసేస్తే ప్రమాదమని తెలిసీ నోరు మూసుకుని సంతకం పెట్టానని, తనని అసలు పనిలోంచే తీసెయ్యమని అడిగాడట. గుర్తు తీసేసిందెవరని అడిగితే మాత్రం చెప్పలేదట.

నేనే తీసేశానని చెప్పాను. కాగితం బల్ల మీద పెట్టాను. మొన్న చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను.

దూబే గారు ఆ ఎర్రగీతనీ, దాని పక్కన పొట్టి సంతకాన్నీ చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మీ ఇద్దరిలో ఎవరిది ఎంత తప్పో తేల్చడానికి నేనెవర్ని, చావు దగ్గరకి వెళ్ళి వచ్చింది నేను కాదు, అన్నారు. రేపు పొద్దున్న ఇద్దరూ సింహాచలం ఇంటికి వెళ్ళి ఆయనకీ ఆయన భార్యకీ ఉన్నదున్నట్టు చెప్పండి, ఉంచమంటే ఉంచుతాను, వాళ్ళు వద్దంటే ఇద్దరూ నా దగ్గరికి రానక్కర్లేదు, అన్నారు.

కనుక ఈ ఉత్తరం నీకు చేరేసరికి నాకు ఉద్యోగం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. బావగారితో ఇప్పుడే అనకు. ఏదైనా అయితే నేనే రాస్తాను. ఏమీ కాదులే, నువ్వు ధైర్యంగా ఉండు. అన్నం తింటున్నాను. ఇవాళ మధ్యాహ్నం మెస్సులో రెండోసారి వడ్డించుకున్నాను కూడా.

నీ దగ్గర దాచడం ఎందుకు, ఇంతా అయ్యాక కూడా నా కుళ్ళు చావలేదక్కా. నేను టీకొట్టు దగ్గర మీనమేషాలు లెక్కపెడుతుంటే, సరిగ్గా కళ్ళు కనిపించని ఆ ముసలాయన రిక్షా ఎక్కి నాకంటే ముందే ఆ మెట్లెక్కి దిగిపోయాడు. నన్ను ఊరుకోమని, తను వెళ్ళి చెప్పాడు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. తిరిగొస్తూ ఆయన ఇంటి దగ్గర ఆగి దూబే గారి మాట చెబితే, రేపు ఎనిమిదింటికి రమ్మన్నాడు, కలిసి వెళ్దామని. నేను ఏడున్నరకే వెళ్ళి సింహాచలం గారి తలుపు కొడతాను. ఆవిడ తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక్కణ్ణే నిలబడి ఉంటాను. ఆ మాట మాత్రం ఆయన కంటే ముందు నేను చెప్పాలి.

అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. రేపు ఏడున్నరకి నన్ను తలుచుకుని ఒక్క దండం పెట్టుకో, నీ దీవెన ఉంటే ఆ గుమ్మం ముందు నా నోరు పెగులుతుంది.

ఎప్పటికీ నీ నోటి తిట్లకి తగినవాడు,
నీ తమ్ముడు
రమణ